మహారాష్ట్ర కోడలు, పెట్టె పోశమ్మ, ఒక వంతెన

అడవిలో కొలువు చేసినవాళ్ళు అనుభవాలు రాస్తే పులితో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను పెంటికలతో మొదలుపెడుతున్నాను. ఏం చేయను, పనిలో చేరిన కొత్తలో చాలాకాలం నాకు పులి కనిపించలేదు, దాని పెంటికలే కనిపించాయి. వాటిని కర్రతో కదిపి, ఏ జంతువు వెంట్రుకలున్నాయో, ఏ ఎముక ముక్కలున్నాయో చూసి, కాగితం సంచిలో కట్టి, ఎక్కడ దొరికాయో రాసుకోవడం నా ఉద్యోగం. ముక్కు మూసుకునేవాళ్ళకు ఈ పని పనికిరాదు. ముందే చెప్పేస్తే కొంతమంది ఇక్కడే చదవడం ఆపేస్తారు. మంచిదే, మిగిలినవాళ్ళతో తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మాది మెట్‌పల్లి. బాపు మరమగ్గం నడిపేవాడు. జంతుశాస్త్రం చదివి, అటవీశాఖలో సర్వే పనికి ఎంపికయ్యానని చెప్పినప్పుడు ఆయన మగ్గం ఆపి మరీ అడిగాడు.

"ఏం కొలువు బిడ్డా అది?"

"జంతువులు ఎక్కడ తింటున్నయో, ఎక్కడ నీళ్ళు తాగుతున్నయో, ఎక్కడ పంటున్నయో చూసి పటం గియ్యాలె బాపూ."

"ఎక్కడ పండాల్నో వాటికి తెల్వదా? నువ్వు గీసియ్యాల్నా?"

ఇరుగు పొరుగు మగ్గాలవాళ్ళు కూడా నవ్వారు. నాకు కోపం వచ్చింది గానీ జవాబు రాలేదు. ఆ జవాబు దొరకడానికి నా సర్వీసు అంతా పట్టింది. ఆ సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను. ఏ ఏడు ఏ పదోన్నతి వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది అన్న వివరాలు నాకే గుర్తులేవు, మీకెందుకు!

పని అంటే ఇది

అడవిని పటం మీద చతురస్రపు గడులుగా విడగొడతారు. నిలువు గీతలు, అడ్డ గీతలు. నేత ఇంటి ఆడపిల్లను కాబట్టి నాకు అది మొదటిరోజే అర్థమైంది: పడుగు, పేక. ఒక్కో గడిలో నడిచి, అడుగుజాడ, పెంటిక, చెట్టు మీద గోటి గీరు, నీటి గుంట దగ్గర బురదలో పొర్లిన గుర్తు, ఏది దొరికితే అది రాసుకోవాలి. తర్వాత కెమెరా పెట్టెలు వచ్చాయి. చెట్టుకు మోకాలి ఎత్తులో ఇనుప పెట్టె కట్టి వస్తే, ఎదురుగా ఏది కదిలినా ఫొటో తీస్తుంది. అన్నీ కలిపి పటం మీద రంగు వేస్తాం. జంతువులు ఎక్కువ తిరిగే గడికి ముదురు ఎరుపు, తక్కువ తిరిగేదానికి లేత రంగు.

చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం మోకాళ్ళు, ఓపిక, నవ్వే గుణం కావాలి. మొదటి రెండూ ఎవరైనా సంపాదించుకోవచ్చు. మూడోది లేనివాళ్ళు ఎండాకాలం రెండో వారంలోనే బదిలీకి దరఖాస్తు పెడతారు, నేను చూశాను.

పై అధికారుల గురించి కూడా రెండు మాటలు. కొందరికి పటం అంటే గోడకు తగిలించే బొమ్మ. ఒకాయన నేను తెచ్చిన పటాన్ని దూరం నుంచీ దగ్గర నుంచీ చూసి, "మంచిగున్నది గని సుగుణా, గీ మూలకు జర ఎరుపు పెంచరాదూ, ఖాళీగ కనపడుతుంది" అన్నాడు. ఆ మూలలో సున్నపురాయి గుట్ట తప్ప ఏమీ లేదు. "సార్, మీరు ఒక పులిని పంపియ్యుండ్రి, నేను ఎరుపు పంపుత" అన్నాను. ఆ ఏడు నా సెలవులు ఏవీ మంజూరు కాలేదు. అయినా ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సంతోషంగానే ఉంది.

హమీద్ సాబ్ హోటల్

నాకు పని నేర్పింది హమీద్ సాబ్. ఉట్నూరు వైపు రేంజ్ ఆఫీసరుగా చేసేవారు. సన్నటి మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్. అడవిలో మాట్లాడితే మాత్రం ఊరుకునేవారు కాదు. "నోరు బంద్, ముక్కు ఖుల్లా" అనేవారు.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక ఊరి చుట్టూ సర్వే చేశాను. ఎక్కడ చూసినా ఎలుగు పెంటికలే, వాటినిండా ఇప్పపువ్వు. అదే చెట్ల కింద ఊరి ఆడవాళ్ళు బుట్టలతో పువ్వు ఏరుకుంటున్నారు. నేను హడావుడిగా పటం గీసి, ఆ గడులన్నిటికీ ప్రమాదం గుర్తు పెట్టి, ఆడవాళ్ళను అటు పోనివ్వకూడదని సాబ్ ముందు పెట్టాను. పటం ఎంతో చక్కగా వచ్చిందని లోపల గర్వం కూడా.

ఆయన పటం మడిచి పక్కన పెట్టారు. మర్నాడు తెల్లవారకముందే తీసుకెళ్ళి ఒక బండ మీద కూర్చోబెట్టారు. గాలి మా వైపు వీస్తోంది. మసక వెలుతురులో ఎలుగు వచ్చి, చెట్టు కింద తాపీగా తినసాగింది. తూర్పు ఎర్రబడుతుండగా ఊరి వైపు నుంచి ఆడవాళ్ళ పాట వినిపించింది. గట్టిగా, కావాలనే గట్టిగా. ఎలుగు తల ఎత్తి, ఇంకో నాలుగు పువ్వులు నోట్లో వేసుకుని, తొందరేమీ లేకుండా గుట్టెక్కిపోయింది. కాసేపటికి ఆడవాళ్ళు బుట్టలు దించారు.

"దేఖా బేటీ? హోటల్ ఒక్కటే. షిఫ్టులు రెండు" అన్నారు హమీద్ సాబ్.

జంతువు ఎక్కడ తిరుగుతుందన్నది సగం సంగతి, ఎప్పుడు తిరుగుతుందన్నది మిగతా సగం. 'ఎప్పుడు' లేని పటం అబద్ధం చెబుతుంది. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కానీ పుస్తకంలో చదివింది పరీక్ష దాకా గుర్తుంటుంది, ఆ ఎలుగు మాత్రం నాకు సర్వీసు చివరి ఏడాదిలో కూడా గుర్తొచ్చి కాపాడింది.

కోడలు వచ్చింది

ఆ చివరి ఏడాది సంగతే అసలు సంగతి.

పెన్‌గంగ అవతల మహారాష్ట్ర అడవుల నుంచి ఒక ఆడపులి నది దాటి మావైపు వచ్చింది. పులులు వచ్చి, నాలుగు రోజులు తిరిగి, తిరిగి వెళ్ళిపోవడం మామూలే. ఇది వెళ్ళలేదు. ఇప్పలగూడ అనే చిన్న ఊరికి పైనున్న రాళ్ళగుట్టలో మకాం పెట్టింది. లెక్కల్లో దానికి మేమొక నంబరు ఇచ్చాం. మా ట్రాకర్ జంగు మాత్రం నంబరు పలకలేదు. జంగు గోండు మనిషి, నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు.

"అవతలి దిక్కుకెల్లి వచ్చి మనకాడ కాపురం పెట్టింది. కోడలే గదా అక్కా" అన్నాడు.

ఆదిలాబాద్ వైపు పెన్‌గంగ అవతలి సంబంధాలు చేసుకోవడం ఇంటింటా ఉన్నదే, కాబట్టి ఆ పేరు అందరికీ నచ్చేసింది. ఆఫీసులో పెద్దసారు కూడా ఫోనులో "కోడలు ఎట్లున్నది?" అని అడిగేవారు. పక్కన విన్నవాళ్ళు ఆయన ఇంటి కోడలే అనుకునేవారు. కొన్నాళ్ళకు గుట్టలో పిల్లల జాడ కూడా కనిపించింది. ఆ రోజు జంగు మా అందరికీ బెల్లం పంచాడు.

అప్పుడే కాలువ వచ్చింది. గుట్టకూ దిగువన ఉన్న వాగుకూ మధ్య నుంచి సాగునీటి కాలువ తవ్వాలని నిర్ణయం. రెండు పక్కలా నున్నటి సిమెంటు గోడలు. అందులో పడిన జంతువు ఎక్కి రాలేదు. ఎండాకాలం గుట్టమీద చుక్క నీరుండదు, కోడలు పిల్లలతో వాగుకు దిగాల్సిందే. కాలువ అడ్డం పడితే అది పిల్లలతో సహా మునిగిపోవాలి, లేదా ఆ చోటు వదిలిపోవాలి. రైతులకు నీళ్ళు రావద్దని మేము అనలేం, అనకూడదు. మా బాపు తోబుట్టువులు సేద్యం చేసినవాళ్ళే, నీళ్ళు లేని పొలం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అందుకని కాలువ మీద జంతువుల కోసం ఒక వంతెన కట్టడానికి ఒప్పుకున్నారు. వెడల్పుగా, మీద మట్టి పోసి, గడ్డీ పొదలూ పెంచి. ఒక్కటే వంతెన, రెండోదానికి డబ్బు లేదు. అది ఎక్కడ కట్టాలో మేము పటం గీసి చూపించాలి.

బాపు ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. ఎక్కడ నడవాలో జంతువులకు తెలుసు బాపూ. మనం కాలువ తవ్వుతున్నాం కాబట్టి, తెలియాల్సింది మనకు. అప్పటికి ఆయన పోయి చాలా కాలమైంది. చెప్పడానికి అవ్వ ఉంది, మావైపు అమ్మను అట్లాగే పిలుస్తాం, ఆమెకే చెప్పాను. "అయితే మంచిగ గియ్యి" అంది.

అంత ఎరుపు ఎందుకు?

కాలువ గీత పొడవునా కెమెరాలు కట్టాం. ఫొటోలు చూసి పటం తయారుచేసే పని ప్రవళికది. కొత్తగా చేరిన పిల్ల, కరీంనగర్ నుంచి వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంటే అన్నం మరిచిపోయేది. పటం తెచ్చి బల్లమీద పరిచిన రోజు దాని మొహం వెలిగిపోతోంది.

ఒక్కచోట ఎరుపు భగ్గుమంటోంది. ఇప్పలగూడకు దగ్గరగా, బాట మలుపు తిరిగేచోట. చిరుత, నక్కలు, పునుగుపిల్లి, అడవిపిల్లి, ముంగిసలు, అన్నీ అక్కడే. మిగతా గీతంతా వెలిసిపోయిన చీర రంగులో ఉంది. అందరూ సంతోషించారు. కాలువ ఇంజినీరు సుధాకర్ గారైతే మరీ. ఆ మలుపు దగ్గర కాలువ ఇరుకు, రోడ్డు పక్కనే, సామాను తేవడం తేలిక. ఆయన ధర్మపురి మనిషి, మాట మెత్తన, పని వేగం. నక్షా గీయించడానికి వారం చాలన్నారు. యంత్రాలు అప్పటికే వచ్చి గుట్ట కింద నిలబడి ఉన్నాయి.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. చిరుత ఉంది, నక్క ఉంది, పిల్లి ఉంది. జింక ఏది? కణితి ఏది? మనుబోతు ఏది? తినే జంతువులన్నీ ఒకచోట చేరి, తినబడే జంతువు ఒక్కటీ లేకపోతే అక్కడ ఏం పండగ జరుగుతున్నట్టు? పైగా ఆ కెమెరా ఫొటోలన్నీ కామెర్లు వచ్చినట్టు పచ్చగా ఉన్నాయి. ప్రవళిక దాన్ని కెమెరా లోపం అనుకుని రంగు సరిచేసింది.

"ఈ కెమెరాలో మనుషులు పడలేదా?" అని అడిగాను.

పడ్డారు, తీసేశాను అంది. తప్పేం లేదు, అది మా పద్ధతి. అడవిలో పడ్డ మనుషుల ఫొటోలు ముందే విడిగా తీసేస్తాం. కట్టెలకు పోయేవాళ్ళ, చెంబు పట్టుకుని పోయేవాళ్ళ మొహాలు పదిమంది చూడటం మర్యాద కాదని పెట్టిన నియమం. అది మంచి నియమమే. కానీ ఎలుగు హోటల్ గుర్తొచ్చింది. రెండో షిఫ్టు సంగతి చూడకుండా మొదటి షిఫ్టు ఎట్లా అర్థమవుతుంది? పక్కన పడేసిన ఫొటోలు తెరవమన్నాను.

మొదటి ఫొటోలో గొల్ల లచ్చవ్వ. ఇప్పలగూడలో మేకలు కాసే పెద్దావిడ. కెమెరాకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో అద్దానికి పసుపు పూస్తోంది. తర్వాతి ఫొటోలో బొట్టు. ఆ తర్వాత వేపకొమ్మ, కొబ్బరికాయ, ఊదుబత్తి. ఆదివారం ఆదివారం ఆడవాళ్ళు పెరుగుతున్నారు. ఇంకో ఆదివారం కోడి. అక్కడే కోసి, అక్కడే వండుకుని, నవ్వుకుంటూ తినిపోతున్నారు. ఈకలూ పేగులూ ఎముకలూ అక్కడే మిగులుతున్నాయి. జంతువుల ఫొటోలను రోజుల వారీగా పక్కన పెట్టి చూశాం. చిరుత సరిగ్గా సోమవారం తెల్లవారుజామునే దయచేస్తోంది. వెనక నక్కలు, వాటి వెనక పిల్లులు.

మా పటం మీద భగ్గుమన్న ఎరుపు కోడికూరది!

ప్రవళిక ఏడవబోయి, నా మొహం చూసి నవ్వింది. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఇంతలో ఇంకో ఫొటో వచ్చింది. అందులో ఖాకీ చొక్కాలో జంగు, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని. ఆ పెట్టెను ఆ చెట్టుకు కట్టిందే అతను. పిలిచి చూపించాను. ఏమాత్రం సిగ్గుపడలేదు.

"కట్టింది నేనే అక్కా. గని పసుపు వెట్టినంక మొక్కకుంటే ఎట్ల?"

దీనికి ఏ విశ్వవిద్యాలయమైనా జవాబు చెబితే నాకు తెలియజేయండి.

పోశమ్మను కదిలించడం

లచ్చవ్వ దగ్గరికి వెళ్ళాం. కసరడానికి కాదు. మోకాలి ఎత్తులో, చెట్టు మొదట్లో, కన్నున్న పెట్టె పెట్టింది మేము. ఊరి దేవత పోశమ్మ రాయి కూడా అంతే ఎత్తుంటుంది. తప్పెవరిది?

ఎందుకు మొక్కుతున్నావు అవ్వా అంటే, ఆమె లెక్క ఆమె చెప్పింది. ఆ పెట్టె రాకముందు మలుపు దగ్గర మేకలు మాయమయ్యేవి. ఎత్తుకుపోయేది పులి కాదు, బండ్ల మీద వచ్చే మనుషులు. పెట్టె వచ్చాక ఫొటో పడుతుందని భయపడి వాళ్ళు రావడం మానేశారు.

"కాపాడేటిదాన్ని మొక్కాలె గద బిడ్డా. అది పెట్టెనా, రాయినా నాకెందుకు?" అంది.

నిజం చెప్పాలంటే నాకు ఆవిడ మాట నచ్చింది. అయినా సంగతంతా విడమరిచి చెప్పాను. కోడలు, పిల్లలు, కాలువ, ఒకే ఒక్క వంతెన. కోడి వల్ల పటం తప్పు చెబుతోందని, వంతెన తప్పుచోట కడితే కోడలి కాపురం కూలుతుందని. కోడలి సంగతి ఊరికంతా తెలుసు. తన మేకను ఒకదాన్ని అది తిన్నా, నష్టపరిహారం వచ్చాక, పిల్లలతల్లి కదా అని సరిపెట్టుకుంది లచ్చవ్వ. పోశమ్మను ఊరి దగ్గరికి తెచ్చుకుంటామంది. కానీ పొమ్మంటే పోదట, పిలిస్తేనే వస్తుందట. పిలవడమంటే డప్పులతో, బోనంతో. కట్టినవాళ్ళే వచ్చి పిలవాలి, అదొక్కటీ షరతు.

అట్లా ఆ ఆదివారం ఇప్పలగూడలో ప్రభుత్వ సిబ్బంది ఆధ్వర్యంలో బోనాలు జరిగాయి. పాడైపోయిన పాత కెమెరా ఒకటి తెచ్చి, పసుపు పూసి పళ్ళెంలో పెట్టాం. డప్పు ముందు, జంగు పళ్ళెం పట్టుకుని వెనక, నెత్తిన బోనంతో నేను. ఖాకీ చొక్కా మీద కొంగు లేదని లచ్చవ్వ తన తువాలు నా భుజాన కప్పింది. ప్రవళిక మొదట మొహమాటపడి, డప్పు వేడెక్కాక అందరికంటే ముందు చిందేసింది. ఊరి మొదట్లో వేపచెట్టు కింద పెట్టె పోశమ్మను నిలిపాం. సంగతి తెలిసి పెద్దసారు ఫోన్ చేశారు. దీన్ని ఏ పద్దు కింద రాస్తావని అడిగారు. గ్రామస్తులతో సమన్వయం సార్ అన్నాను. అవతల చాలాసేపు నవ్వు వినపడింది.

వచ్చేటప్పుడు లచ్చవ్వ ఒక్క మాట గట్టిగా చెప్పింది.

"కోడి ఇగ ఊరికాడనే, మాట ఇస్తున్న. గని పసుపు మాత్రం ఇడువ. కన్ను ఎక్కడ కనపడితే అక్కడ పెడుత."

అద్దం పాడవుతుంది అవ్వా అని బతిమాలాను, కోప్పడ్డాను, లాభం లేకపోయింది.

ఆ తర్వాతి సోమవారం చిరుత మామూలుగానే వచ్చింది. ఫొటోలో చూస్తే, భోజనాల బంతి లేచిపోయాక పెళ్ళికొచ్చిన చుట్టంలా ఖాళీ చోటు ముందు కూర్చుని ఉంది. ఆపై సోమవారం రాలేదు. నక్కలూ రాలేదు. కొన్ని వారాల్లో ఆ ఎరుపు చన్నీళ్ళకే వెలిసే రంగులా పోయింది. అది పోయాక అసలుది కనిపించింది. కొన్ని కిలోమీటర్ల అవతల, గుట్ట నుంచి వాగుకు దిగే రాళ్ళలోయ. జింకలు, కణుతులు, మనుబోతులు, వాటి వెనక కోడలు. అవన్నీ మొదటి నుంచీ అక్కడే నడుస్తున్నాయి. కోడికూర వెలుగు ముందు మా కంటికి ఆ దీపం ఆనలేదు, అంతే.

ఇంజినీరు గారి అరచేయి

ఇప్పుడు సుధాకర్ గారికి చెప్పాలి. నక్షా గీసేశారు, యంత్రాలకు రోజువారీ అద్దె నడుస్తోంది. కొత్త చోటు కాలువ వెడల్పు, బాట లేదు, ఖర్చు ఎక్కువ. ఆయన మొహం ముడుచుకుంది. మొదటిచోట కడితే జంతువులు అలవాటు చేసుకోవా అని అడిగారు.

"చేసుకుంటయ్ సార్. ప్రతి ఆదివారం మీరు కోడిని తెస్తే" అన్నాను.

గదంతా నవ్వింది, ఆయన కూడా నవ్వారు, కానీ ఒప్పుకోలేదు. నవ్వుతో అన్ని పనులూ కావు. నేను వాదించడం మానేసి, ఒక్కసారి వచ్చి చూడమన్నాను. మర్నాడు పొద్దున్నే వచ్చారు. కొత్త బూట్లతో రాళ్ళలో రెండుసార్లు జారారు, నేను చూడనట్టే నటించాను. వాగు ఒడ్డున తడి ఇసుకలో జంగు ఆగి, చూపించాడు. పెద్ద అడుగులు తిన్నగా పోతున్నాయి. పక్కనే రెండు వరుసల చిన్న అడుగులు. ఒక వరుస మధ్యలో పక్కకు ఉరికి, ఏదో చూసి, మళ్ళీ తల్లి దగ్గరికి పరుగెత్తింది.

సుధాకర్ గారు గొంతుకూర్చుని, పెద్ద అడుగు పక్కన అరచేయి ఆనించారు. చిన్న అడుగుల దగ్గర రెండు వేళ్ళు పెట్టి చూశారు. వెనక్కి తిరిగి కాలువ గీత పాతిన కర్రల వైపు చాలాసేపు చూశారు.

"గోడ నున్నగుంటది. ఇవి పడితే ఎక్కలేవు" అన్నారు మెల్లగా. తర్వాత లేచి, చేతికంటిన ఇసుక దులుపుకోకుండానే, "గీ చోటనే కడదాం మేడమ్. పైన నేను మాట్లాడుత" అన్నారు.

మాట్లాడారు, పోట్లాడారు, సాధించారు. మన పనిలో అవతలివాళ్ళంతా శత్రువులని అనుకునే కుర్రవాళ్ళు కనిపిస్తుంటారు. వాళ్ళకు నా సలహా ఒకటే. ముందు వాళ్ళను అడవికి తీసుకురండి, తర్వాత శత్రువో కాదో తేల్చుకోండి.

పసుపు ఫొటో

వంతెన పూర్తయింది. మట్టి పోశారు, గడ్డి మొలిచింది. జంతువులు దాన్ని దాటకముందే నేను రిటైరయ్యాను. దండలూ శాలువాలూ వేశారు. నా మనసంతా ఆ గడ్డిమీదే ఉంది. కొత్త వంతెనను జంతువు నమ్మడానికి కాలం పడుతుంది. కొన్ని అసలు నమ్మవు. దాటకపోతే? చెప్పుకుంటే సిగ్గు, శాస్త్రం చదివినదాన్ని, అయినా కోడలు దాటితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కుకున్నాను. అడిగినవాళ్ళకు మొక్కింది మా అవ్వ అని చెప్పాను.

ప్రవళిక వారం వారం కబురు చెప్పేది. మొదట దాటినవి లచ్చవ్వ మేకలు. తర్వాత లచ్చవ్వ. వానాకాలంలో కుందేలు, అడవిపంది. చలికాలంలో జింకలు భయం భయంగా సగందాకా వచ్చి తిరిగిపోయాయి, తర్వాత దాటాయి. కోడలి జాడ మాత్రం లేదు. గుట్ట మీద గుంటల్లో ఇంకా నీళ్ళున్నాయి, ఎండలు రానివ్వండి మేడమ్ అని ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పేది. ఎండలు వచ్చాయి. గుంటలు ఎండాయి. కాలువలో నీళ్ళు వదిలారు. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరుగెత్తాను.

ఒక పొద్దున మెట్‌పల్లిలో ఇంట్లో అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఫోన్‌లో ఫొటో పడింది. వెనకే ప్రవళిక గొంతు, మాట తడబడుతోంది.

"మేడమ్, వచ్చింది. పిల్లల్ని తీసుకొని వచ్చింది."

వంతెన నడుమ, గడ్డిలో, కోడలు. తల ఎత్తి తిన్నగా నడుస్తోంది. వెనక రెండు పిల్లలు, పిల్లలేమిటి, దాదాపు తల్లంత ఎదిగాయి. ఒకటి పక్కకు తిరిగి కాలువలో నీళ్ళను చూస్తోంది. అది ఆ అల్లరిదే అయ్యుంటుంది. ఫొటో అంతా పచ్చగా ఉంది. అంచుల్లో వేలిముద్రలు కూడా కనిపిస్తున్నాయి.

"లచ్చవ్వ అక్కడ గూడ పసుపు పెట్టింది మేడమ్. కోడి ఈక ఒక్కటి లేదు, మొత్తం వెతికిన. పై ఆఫీసుకు పంపాలె, రంగు సాఫ్ చేసి పంపాల్నా?"

"అట్లనే పంపు బిడ్డా. లచ్చవ్వ ఫొటోలు గూడ తీసెయ్యకు. మొహం కనపడకుంట చెయ్యి, గని లెక్కల ఉంచు."

అవ్వ చేతిలో చాట పక్కన పెట్టి, ఫోన్ తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"వచ్చిందా కోడలు?"

"వచ్చిందవ్వా."

"పసుపు ఎవలు పెట్టిన్రు?"

"ఇప్పలగూడ లచ్చవ్వ."

"బుద్ధిమంతురాలు. కోడలు పిల్లల్తోని ఇంట్లకు వస్తుంటె పసుపు లేకుంటె ఎట్ల?" అని మళ్ళీ చాట అందుకుంది.

ఆ పసుపు మీద ఎన్నిసార్లు అరిచానో, ఎన్ని అద్దాలు తుడిచానో నాకు తెలుసు. నవ్వు వచ్చింది, దాంతోపాటు ఏడుపు కూడా వచ్చింది, రెండూ ఆపుకోలేదు. ఆ సోమవారం అవ్వా నేనూ వేములవాడ వెళ్ళి కోడెను కట్టి వచ్చాం. మొక్కింది ఎవరో రాజన్నకు తెలుసు కాబట్టి అక్కడ అబద్ధం ఆడలేదు.